అమ్మకు యోగా అని చెప్పాను

బెంగళూరు నుంచి ఒకామె ఐదు పేజీల ఉత్తరం రాశారు. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి, క్లుప్తంగా ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 36 ఏళ్లు. సొంతూరు అనంతపురం జిల్లాలో ఒక చిన్న పట్టణం. 2011లో బెంగళూరు వచ్చి ఒక ఐటీ కంపెనీ హెచ్‌ఆర్‌లో ఎనిమిదేళ్లు పనిచేశారు. మధ్యలో పెళ్లి, నాలుగేళ్ల కాపురం, విడాకులు. "కాపురం అని రాయడానికి చెయ్యి రావట్లేదు మేడమ్. ఆయన దగ్గరికొస్తే చాలు, ఒళ్లు బిగుసుకుపోయేది. భరించలేనంత నొప్పి. ఇద్దరు డాక్టర్లకు చూపించుకున్నాను. ఒకరు టెన్షన్ పడకమ్మా, రిలాక్స్ అవ్వు అన్నారు. ఇంకొకరు పిల్లలు పుడితే అదే సర్దుకుంటుందన్నారు. పిల్లలు ఎలా పుడతారో మాత్రం చెప్పలేదు." విడాకులకు అసలు కారణం వాళ్లమ్మకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఒక స్నేహితురాలి వెంట గోవాలో మూడు వారాల తంత్ర శిక్షణకు వెళ్లారు. తన ఒళ్లు తనదేనని మొదటిసారి అనిపించింది అక్కడేనట. తిరిగొచ్చి లైంగిక విద్య మీద ఆన్‌లైన్‌లో ఏడాది కోర్సు చేసి, ఉద్యోగం మానేసి, ఐదేళ్లుగా జంటలకు 'ఆధునిక తంత్ర' నేర్పుతున్నారు. నెలకు రెండు వర్క్‌షాపులు. ఒకటి ఇందిరానగర్‌లో అద్దెకు తీసుకున్న డాన్స్ స్టూడియోలో, ఇంకొకటి కనకపుర రోడ్డు వైపు ఒక ఫామ్‌హౌస్‌లో. ఒక్కోదానికి పది పన్నెండు జంటలు, జంటకు 6,500 రూపాయలు. ఎదురెదురుగా కూర్చుని ఊపిరి కలపడం, కళ్లలోకి చూడడం, 'వద్దు' అనడం, అంటే వినడం, చేతుల మీద భుజాల మీద నెమ్మదిగా తాకడం నేర్పుతారు. బట్టలు విప్పేది ఉండదని రాసి కింద రెండు గీతలు గీశారు. వచ్చేవాళ్లలో సగంమంది తెలుగువాళ్లే. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ నుంచి వస్తారు.

ఇప్పుడు వచ్చిపడ్డ చిక్కులివి. తమ్ముడికి నెల్లూరు సంబంధం దాదాపు ఖాయమైంది. అమ్మాయి బాబాయి ఇన్‌స్టాగ్రామ్‌లో ఈమె రీల్ చూశాడు. "అక్కా, పెళ్లయ్యేదాకా ఆ అకౌంట్ మూసెయ్యవా" అని తమ్ముడి ఫోన్. అమ్మకు మాత్రం కూతురు యోగా టీచరు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి "పిల్లలకు పద్మాసనం వస్తోందా?" అని అడుగుతుంది. ఇంకోవైపు, కలిసి నేర్పే పార్ట్‌నర్ విడివిడిగా ఒక్కొక్కరికి గంటకు 15,000 చొప్పున 'తాకి చేసే సెషన్లు' మొదలుపెడదామంటున్నాడు. ఇన్‌బాక్స్ నిండా 'మేడమ్, సర్వీస్ ఎంత?' అనే మెసేజ్‌లు. "గోవా సర్టిఫికెట్ చూస్తే నాకే నవ్వొస్తుంది. నేను తప్పు చేస్తున్నానా? ఈ వృత్తిలో ఉండాలా, మళ్లీ హెచ్‌ఆర్‌కి పోవాలా?"

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పై సారాంశంలో ఒక సంగతి నేను కావాలనే వదిలేశాను. అది నాలుగో పేజీ అడుగున రెండంటే రెండు వాక్యాల్లో ఉంది. "పోయిన నెల ఫామ్‌హౌస్‌లో ఒకమ్మాయి మధ్యలో లేచి బాత్రూంలోకి వెళ్లి అరగంట ఏడ్చింది. వాళ్లాయన యోగా క్యాంపని చెప్పి తీసుకొచ్చాడట." ఆ వెంటనే జీఎస్టీ గురించి మొదలుపెట్టారు.

పెళ్లి, పార్ట్‌నర్, అమ్మ, అన్నిటి గురించీ మాట్లాడదాం. ముందు ఆ అమ్మాయి సంగతి. తప్పు చేస్తున్నానా అని మీరు అడిగిన దానికి నాకు జవాబు దొరికింది అక్కడే.

శనివారం పొద్దున్నే లేచి, పిల్లాణ్ణి అత్తగారికి అప్పజెప్పి, యోగా అన్నారు కదా అని లెగ్గింగ్స్ మీద పొడుగు టాప్ వేసుకుని, చాప చుట్టుకుని వచ్చి ఉంటుంది. హాల్లో పది జంటలు. లైట్లు తగ్గించారు. 'ఎదురుగా కూర్చోండి, ఒకరి కళ్లలోకి ఒకరు చూడండి' అని మైకులో మీ గొంతు. ఆ మనిషి కళ్లలోకి ఆమె అలా చూసి ఎన్నేళ్లయిందో, ముందు రోజు రాత్రి ఇంట్లో ఏం జరిగిందో. లేచి బయటికి నడిస్తే అందరి ముందూ మొగుడి పరువు పోతుంది, కూర్చుంటే తన ప్రాణం పోతుంది. బాత్రూం ఒక్కటే మిగిలింది. ఇదంతా నా ఊహ, నిజం ఇంకోలా ఉండొచ్చు. కానీ మీకూ ఊహించుకోవడమే గతి. ఎందుకంటే వచ్చేముందు ఆమెతో మీరు ఒక్క మాటా మాట్లాడలేదు. 'వద్దు' అనడం నేర్పే క్లాసులో, 'సరే' అనని మనిషి కూర్చుంది.

ఆయన అబద్ధానికి మీరు బాధ్యులు కారు. అయితే ఆ అబద్ధం అంత సులువుగా ఎలా చెల్లింది? మీరు పంపిన పోస్టరు నా ముందుంది. 'తంత్ర, బ్రీత్, కనెక్షన్. ఐదు వేల ఏళ్ల రహస్య విద్య.' దీన్ని పట్టుకుని యోగా క్యాంపని ఎవరైనా అనొచ్చు. మసాజ్ అనుకుని కూడా రావొచ్చు. ఇన్‌బాక్స్‌లో రేటు అడిగేవాళ్లు అనుకుంటున్నది అదే. ఆయన భార్యకు యోగా అన్నాడు, మీరు అమ్మకు యోగా అన్నారు. రెండిటి బరువూ ఒకటి కాదని నాకు తెలుసు, మీ అమ్మగారిని మీరు ఏ హాల్లోనూ కూర్చోబెట్టలేదు. కానీ ఇద్దరికీ చాటు ఇచ్చింది ఆ ఒక్క మాటే.

ఇందులో మీ తప్పు సగమే. మిగతా సగం మన భాషది, మన ఇళ్లది. జయనగర్‌లో ఒక చిన్న గదిలో కూర్చుని దంపతులకు కౌన్సెలింగ్ చేసేదాన్ని చాలా ఏళ్లు. ఆడవాళ్లు వాడే మాటలు నాకు కంఠతా వచ్చు. 'అది', 'ఆ పని', 'అక్కడ', 'కింద', 'దగ్గరికి రావడం'. యాభై ఏళ్ల ఒకావిడ "కాపురం బాగానే ఉందమ్మా, అదొక్కటే లేదు" అంది. ఎన్నాళ్ల నుంచి అంటే "చిన్నోడు పుట్టినప్పటి నుంచి" అంది. చిన్నోడు అప్పటికి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మామూలు తెలుగు మాటలు బూతులైపోయాయి. సంస్కృతం మాటలంటే గుళ్లో ఉన్నట్టుంటుంది, ఇంగ్లీషు మాటలంటే ఆస్పత్రిలో ఉన్నట్టుంటుంది. విజయవాడ నుంచి డాక్టర్ సమరం గారు ఏళ్ల తరబడి పత్రికల్లో జవాబులు రాయకపోతే మనకు ఈ మాత్రం మాటలైనా ఉండేవి కావు. ఆ పేజీ ఉన్న పత్రికను పరుపు కింద దాచిన ఇళ్లు నాకు తెలుసు, మా ఇల్లూ అందులో ఒకటి. బడిలో నేర్పుదామంటే, 2007లో కౌమార విద్యా కార్యక్రమం మీద గొడవ లేచి కర్ణాటకతో సహా కొన్ని రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. మీకెవరూ చెప్పలేదు, మీ తర్వాత వాళ్లకూ చెప్పలేదు. కాబట్టి మీ పని అవసరమా అని అడిగితే, చాలా అవసరం.

మీ నొప్పికి పేరుందని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. దాన్ని వెజైనిస్మస్ అంటారు. కటి భాగంలో కండరాలు వాటంతటవే బిగుసుకుపోతాయి. ఆమె కావాలని చేసేది కాదు, మొగుడంటే ఇష్టం లేక వచ్చేదీ కాదు. గైనకాలజిస్టు పరీక్ష, ఆ కండరాలకు ఫిజియోథెరపీ, చిన్న సైజుతో మొదలుపెట్టి వాడే డైలేటర్లు (ఆ కండరాలకు మెల్లగా అలవాటు చేసే నున్నటి గొట్టాల్లాంటి సాధనాలు), వాటితోపాటు కౌన్సెలింగ్. చాలామందికి తగ్గుతుంది. మీ దగ్గరికి ఇలాంటి అమ్మాయి వస్తే ఊపిరి పీల్చుకోమని చెప్పి పంపకండి. ఆ ఇద్దరు డాక్టర్లు మీకు చెప్పిన 'రిలాక్స్ అవ్వు' కన్నా అది పెద్ద మేలు కాదు. బెంగళూరులో మంచి గైనకాలజిస్టులు, కటి కండరాల ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. ఇద్దరు ముగ్గుర్ని ముందే కలిసి మాట్లాడి పెట్టుకోండి.

ఇక తంత్ర. మీ అమ్మగారు శుక్రవారాలు లలితా సహస్రనామం చదువుతారనే అనుకుంటాను. అందులో 'మహాతంత్రా మహామంత్రా మహాయంత్రా మహాసనా' అని వస్తుంది. కుండలిని, మూలాధారం అన్నీ ఉన్నాయి అందులో. అది శ్రీవిద్య అనే అమ్మవారి ఉపాసనకు సంబంధించినది, శ్రీవిద్య తంత్ర సంప్రదాయాల్లో ఒకటి. అంటే గోవాలో మూడు వారాల కన్నా మీ అమ్మగారి శుక్రవారమే పాత తంత్రానికి దగ్గర. వెటకారానికి అనట్లేదు. పాత తంత్రాల్లో దీక్ష, మంత్రం, న్యాసం (మంత్రం చదువుతూ ఒంటిని ముట్టుకోవడం), యంత్రం, గురువు, ఇవే ఎక్కువ. 'మ'తో మొదలయ్యే ఐదు, అంటే పంచమకారాల్లో మైథునం (కలయిక) ఒకటి. అదీ వామాచారమనే ఒక పద్ధతిలో, అక్కడా దాన్ని ప్రతీకగా మాత్రమే తీసుకున్నవాళ్లున్నారు. విజ్ఞానభైరవ తంత్రమనే పాత గ్రంథంలో 112 ధారణలు, అంటే ధ్యాన పద్ధతులు ఉంటే స్త్రీపురుషుల సుఖాన్ని ముట్టుకునేవి ఏ రెండో మూడో. 8వ శతాబ్దంలో సంస్కృత కవి భవభూతి నాటకం రాసేనాటికే మన శ్రీశైలం కాపాలికులకు, అంటే పుర్రె చేతబట్టి తిరిగే శైవ సాధువులకు, పేరుపడ్డ చోటు. ఆ కాపాలికులు మొగుడూ పెళ్లాల మధ్య రాజీ కుదిర్చే పని మాత్రం పెట్టుకోలేదు.

మీరు నేర్పేదానికి వయసు వందేళ్ల పైచిలుకు, అంతే. 1900ల మొదట్లో అమెరికాలో పియరీ బెర్నార్డ్ అనే ఆయన తాంత్రిక సంఘమని ఒకటి పెట్టి తంత్రాన్నీ శృంగారాన్నీ ఒకే గాటన కట్టాడు. 1913లో కలకత్తా హైకోర్టు జడ్జి జాన్ వుడ్రాఫ్, ఆర్థర్ ఆవలాన్ అన్న మారుపేరుతో మహానిర్వాణ తంత్రాన్ని ఇంగ్లీషులో వేశాడు. 1970లలో పుణెలో రజనీష్ ఆశ్రమం దీనికి పాశ్చాత్య మానసిక చికిత్స పద్ధతులు కలిపింది. అక్కడికొచ్చి వెళ్లిన విదేశీయులు దాన్ని వారాంతపు కోర్సుగా మార్చుకున్నారు. అదే గోవాకు తిరిగొచ్చింది, గోవా నుంచి ఇందిరానగర్‌కు. దీన్ని చదివి రాసే పండితులు నియో తంత్ర అంటారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఐదు వేల ఏళ్లు అని వేయడం మాత్రం బాగోలేదు. సర్టిఫికెట్ చూసి మీకు నవ్వొస్తున్నది అందుకేనేమో.

మీ క్లాసులో అన్నిటికన్నా పనికొచ్చే భాగం నెమ్మదిగా తాకడం. దానికి తంత్రం అండ కూడా అక్కర్లేదు. 1970లో విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ అనే అమెరికా పరిశోధకులు దాన్ని చికిత్సగా రాసిపెట్టారు. సెన్సేట్ ఫోకస్ అంటారు. మొదట్లో కలయిక వద్దని జంటకు ముందే చెబుతారు. ఏదో సాధించాలన్న గోల లేకుండా ఒకరినొకరు తాకడం, ఎలా ఉందో గమనించడం, అంతే. ఒక్క ముఖ్యమైన సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది. అది ఆ ఇద్దరూ ఇంట్లో తలుపేసుకుని చేసుకునేది. థెరపిస్టు గదిలో ఉండడు.

పేరు ఉంచాలా తీసెయ్యాలా? ఉంచితే ఇంగ్లీషు పోస్టరు చూసి వచ్చేవాళ్లు తగ్గరు. కానీ తెలుగు చెవికి తంత్రమంటే నాలుగు రోడ్ల కూడలిలో కుంకుమ పూసిన నిమ్మకాయ. బెంగళూరు ఇంగ్లీషు చెవికి మసాజ్. మీరనుకునే అర్థం ఈ రెండు చెవుల్లోనూ పడదు, రోజూ వివరించుకుంటూనే ఉండాలి. తీసేసి 'దంపతుల లైంగిక విద్య' అని పెడితే మొదట్లో సగం సీట్లు ఖాళీగా ఉంటాయని మీరే రాశారు. ఉంటాయి కూడా. ఆరు నెలల అద్దె చేతిలో ఉందా లేదా అన్నది చూసుకుని ఆ పని చేయాలి. మూడో దారి, పేరు ఉంచి దాని కింద ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు రాయడం. నేను ఒకటి రాసి చూశాను:

"పెళ్లయినవాళ్లు గానీ, కలిసి ఉంటున్నవాళ్లు గానీ, 18 ఏళ్లు దాటిన జంటలకు క్లాసు. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా. పడకగది సంగతులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం, ఏది ఇష్టమో ఏది కష్టమో చెప్పుకోవడం నేర్పుతాను. చేతులు, భుజాలు తప్ప ఎక్కడా తాకేది ఉండదు. అదీ మీ జంటలో మీరే. నేను ఎవరినీ తాకను. బట్టలు తీసేది లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి బయట కూర్చోవచ్చు, ఎందుకని ఎవరూ అడగరు."

ఇది నా తెలుగు, మీ తెలుగులో తిరగరాసుకోండి. కన్నడలోనూ రాయించండి. మీ అమ్మగారికి చదివి వినిపించినా, ఎస్సైకి చూపించినా, నెల్లూరు బాబాయికి పంపినా ఇదే కాగితం పనికిరావాలి. వేరువేరు కాగితాలు కావాల్సొస్తోందంటే పేచీ కాగితంలో లేదు, క్లాసులో ఉంది. ఇది పెట్టాక, డబ్బు కట్టే ముందు ఇద్దరితో విడివిడిగా పదేసి నిమిషాలు ఫోన్లో మాట్లాడండి. "ఇక్కడికి రావాలన్నది ఎవరి ఆలోచన? మీకేం చెప్పారు?" అని అడిగితే చాలు. దీంతో కొన్ని జంటలు జారిపోతాయి. ఎక్కువగా మగవాళ్లే మానేస్తారు, చూడండి.

ఇప్పుడు పార్ట్‌నర్. "విదేశాల్లో అంతా ఇలాగే" అన్నాడట. తాకి చేసే సెషన్లు అక్కడ ఉన్నమాట నిజమే. 2023 నవంబరులో పారిస్ దగ్గర ఒక తంత్ర యోగా గురువును అత్యాచారం, మనుషుల అక్రమ రవాణా ఆరోపణల మీద అరెస్టు చేసింది కూడా విదేశాల్లోనే. మీ పార్ట్‌నర్ అలాంటివాడని నేను అనట్లేదు. కానీ తలుపేసిన గదిలో ఒకరు గురువు, ఒకరు డబ్బు కట్టిన మనిషి. ఆ మనిషి 'వద్దు' అనడానికి ఎంత కష్టపడాలో మీకన్నా బాగా ఎవరికి తెలుసు?

చట్టం సంగతి కూడా చూడండి. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ ఉంటుంది. తంత్ర టీచరుకు లైసెన్సిచ్చే ప్రభుత్వ మండలి మన దేశంలో లేదు. ఫిర్యాదొస్తే 'నిబంధన ప్రకారమే చేశాను' అనడానికి మీ వెనక ఏ పుస్తకమూ లేదు. మసాజ్ సెంటర్ల మీద పోలీసులు దాడులు చేసేది 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం కింద. గంటకు 15,000, మూసిన తలుపు, ఒక ఆడ ఒక మగ. మీరు సెన్సేట్ ఫోకస్ గురించి చెప్పడం మొదలుపెట్టేలోపు టీవీ మైకు వచ్చేస్తుంది. ఆయన తయారుచేసిన కొత్త పోస్టరులో 'నపుంసకత్వం, సంతానలేమి తంత్రంతో నయం' అని ఉందని రాశారు. మందులకు, మంత్రాలకు, తాయెత్తులకు అలాంటి ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నుంచి చట్టముంది. మీ ఊపిరి అభ్యాసం దాని కిందికి వస్తుందా రాదా అని లాయరుకు ఫీజిచ్చి వాదించుకునే అవస్థ మీకెందుకు? ఆ పోస్టరు మాత్రం బయటికి పోనివ్వకండి. దీంట్లో నాకు రెండో మాట లేదు.

మిగతాది మీ చేతిలో ఉంది. ఒప్పుకుంటే డబ్బు వస్తుంది, పైన చెప్పిందంతా దాంతోపాటే వస్తుంది. విడిపోతే అద్దె ఒక్కరే భరించాలి, మగవాళ్లతో మాట్లాడడానికి ఇంకొకర్ని వెతుక్కోవాలి. ఆయన తన సెషన్లు తన పేరుతో పెట్టుకుంటాడు. మీ ఫోటో, మీ అకౌంట్, మీ దగ్గరికి వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు మాత్రం ఆయన దగ్గర ఉండకూడదు, విడిపోయేటప్పుడు కాగితం మీద రాయించుకోండి. కలిసే ఉండి, తాకే సెషన్లు లేవని రాతకోతలు చేసుకోవడం ఇంకో దారి. ఇది ఆరు నెలల కన్నా నిలవదని నా అనుమానం. ఒకసారి 15,000 లెక్క వేసుకున్న మనిషి 6,500లో ఇమడలేడు. నాకైతే విడిపోవడమే నచ్చింది, మీ అద్దె లెక్క మీకే తెలుసు.

తమ్ముడి పెళ్లి దగ్గరికొద్దాం. అకౌంట్ మూస్తే ముహూర్తం దాకా ప్రశాంతంగా గడుస్తుంది. కానీ రీల్ చూసిన బాబాయి చూడనట్టు కాడు. ఇవాళ పెళ్లికి మూసింది రేపు సీమంతానికి, తర్వాత బారసాలకు మూయాలి. మీకు క్లాసులు వచ్చేదీ ఆ అకౌంట్ నుంచే. పూర్తిగా మూయకుండా కొన్నాళ్లు ప్రైవేట్‌లో పెట్టడం మధ్యేమార్గం. దాంతో ఈ రెండు నెలల్లో కొత్తవాళ్లు రారు, పాతవాళ్లు ఉంటారు. తమ్ముడి కోసం అంతవరకు చేయొచ్చు, అందులో ఓటమేమీ లేదు.

కానీ నాకు అర్థం కానిది ఒకటి. బాబాయికి తెలుసు, తమ్ముడికి తెలుసు, మీకు తెలుసు. పెళ్లికూతురికి తెలుసా? రేపు ఆ ఇంటికి వచ్చేది ఆ అమ్మాయి. ఆమెకు మీ తమ్ముడు చెప్పాడా అని మీ ఐదు పేజీల్లో ఎక్కడా లేదు. 'మా అక్క ఈ పని చేస్తుంది, నీకేమైనా అభ్యంతరమా' అని వాడు ముందే అడగడం మంచిది. సంబంధం తప్పిపోవచ్చు. తప్పిపోతే మీ తమ్ముడు కొన్నాళ్లు మీతో మాట్లాడడు, అదీ లెక్కలో వేసుకోండి. చెప్పకుండా పెళ్లి చేస్తే, మరుసటి వారమే ఎవరో వదినో పిన్నో ఆ అమ్మాయికి ఫోన్‌లో చూపిస్తారు.

అమ్మగారికి కూడా ఈ వార్త నెల్లూరు నుంచి చేరడానికి ఒక్క ఫోన్ చాలు. ఆ ఫోన్ కన్నా ముందు మీరు వెళ్లడం మేలని నాకనిపిస్తోంది. ఆదివారం ఫోన్లో వద్దు, బస్సెక్కి వెళ్లండి. కోప్పడొచ్చు, 'వాడి పెళ్లయ్యాక చెప్పకపోయావా' అని ఏడవొచ్చు, నెల రోజులు మాట్లాడకపోవచ్చు. తంత్రం దగ్గర మొదలుపెట్టకండి, మీ నాలుగేళ్ల కాపురం దగ్గర మొదలుపెట్టండి. ఆవిడకు ఇన్నేళ్లూ అర్థం కానిది అదే కదా, కూతురు ఎందుకు వెనక్కి వచ్చేసిందో. చెప్పలేనంటే ఇప్పటికి చెప్పకండి, అది మీ సొంత విషయం. పద్మాసనం గురించి మాత్రం ఇంకోసారి 'వస్తోందమ్మా' అనకండి.

హెచ్‌ఆర్‌కి పోవాలా అన్నారు. ఇది మానేసి పోనక్కర్లేదు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి, అందులో బయటి సభ్యులు ఒకరు ఉండాలి. హెచ్‌ఆర్ అనుభవం ఉండి, 'సరే', 'వద్దు' గురించి గంటసేపు తడబడకుండా మాట్లాడగలిగే మనిషి బెంగళూరు కంపెనీలకు కావాలి. ఆ డబ్బు పన్నెండు జంటల డబ్బంత రాదు. కానీ ఖాళీ సీట్ల ఆరు నెలలు గట్టెక్కిస్తుంది. ఇన్‌బాక్స్‌కు వేరే నంబరు, ఒక రెడీమేడ్ జవాబు, బ్లాక్ బటన్. అశ్లీల ఫోటోలు పంపేవాళ్ల స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పెట్టండి. జీఎస్టీ అడిగారు కదా, సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. మీ లెక్క నేను వేశాను, దగ్గర్లోనే ఉన్నారు. ఆడిటర్‌ను కలవండి.

పోస్టరుతోపాటు మీ రిజిస్ట్రేషన్ ఫారం కూడా పంపారు. జంట పేర్లు, వయసులు, వెజ్జా నాన్‌వెజ్జా, కార్ పార్కింగ్ కావాలా, ఫోన్ నంబరు. నంబరుకు ఒకటే గడి ఉంది. పోయిన నెల జంటల్లో ఆ గడి నింపింది ఎవరో ఒకసారి చూడండి. ఆ అమ్మాయి నంబరు లేకపోతే వాళ్లాయన్ని అడిగి తీసుకోకండి, ఆ ఇంట్లో సంగతి మనకు తెలియదు. ఆ రోజు వచ్చిన జంటలందరికీ ఒకే మెసేజ్ పెట్టండి, 'ఇద్దరిలో ఎవరికైనా విడిగా మాట్లాడాలనిపిస్తే ఈ నంబరుకు చేయండి' అని. కింద మహిళా హెల్ప్‌లైన్ 181 కూడా రాయండి. ఆమె చూస్తుందో లేదో చెప్పలేం. తర్వాతి బ్యాచ్ ఫారంలో మాత్రం రెండో నంబరుకు గడి పెట్టించండి, అది నింపకుండా ఫారం ముందుకు పోకుండా చూడమనండి మీ వెబ్‌సైట్ కుర్రాణ్ణి.